మెడలో రుమాలు, జేబులో విజిల్

మీ పిల్లల్ని ట్యూషన్ మాన్పించండి! డ్యాన్సు క్లాసు, కరాటే క్లాసు, పక్కింటివాళ్ళ చెవులు చిల్లులు పడే కీబోర్డు క్లాసు, అన్నీ మాన్పించండి. ప్రతి స్కూల్లోనూ యూనిఫాం ట్రూపు ఒకటి ఉంటుంది చూడండీ, మెడలో రుమాలు, జేబులో విజిల్, శనివారం సాయంత్రం గ్రౌండులో కవాతు! ఇవాళే వెళ్ళి అందులో చేర్పించండి.

లెక్కలంటారా, పరీక్ష అయిన మర్నాడు మర్చిపోతారు. కెమిస్ట్రీ అయితే పరీక్ష హాల్లోనే మర్చిపోతారు. ట్రూపులో నేర్చుకున్నది మాత్రం జన్మలో పోదు. ఇది నేను గాలికి చెబుతున్న మాట కాదు, నా దగ్గర సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం వయసు నలభై తొమ్మిది, ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. ప్రస్తుతం మా బాల్కనీలో నిలబడి బట్టలారేసే తాడుకి ముడి వేస్తోంది. దాన్ని నేను పెళ్ళి చేసుకుని ఇరవై రెండేళ్ళయింది.

మా ఆయన పదకొండో ఏట ట్రూపులో చేరారు. పద్నాలుగో ఏట స్కూలు మారి బయటికొచ్చారు. ఆయన ట్రూపులో ఉన్నది మూడేళ్ళు. ట్రూపు ఆయనలో ఉన్నది ముప్ఫై అయిదేళ్ళు, ఇంకా ఖాళీ చేసే సూచనలు లేవు. ఏ యూనివర్సిటీ ఇస్తుందండీ ఇంత గ్యారంటీ?

ఇప్పుడీ సంగతి ఎందుకొచ్చిందంటే, మా అమ్మాయికి కూడా పదకొండేళ్ళొచ్చాయి. పోయిన సోమవారం స్కూలు నుంచి పసుప్పచ్చ ఫారం ఒకటి పట్టుకొచ్చింది. ట్రూపులో చేరాలంటే అమ్మా నాన్నా ఇద్దరూ సంతకం పెట్టాలి. మా ఆయన అప్పటికప్పుడు లేచి నిలబడి, గుండీలు సర్దుకుని మరీ సంతకం పెట్టేశారు. కూర్చుని పెడితే ట్రూపుకి అవమానమట. మిగిలింది నా గడి. శుక్రవారం ఆఖరు తేదీ.

"అమ్మా, పెట్టవే! నా ఫ్రెండ్స్ అందరూ ఇచ్చేశారు" అంది పిల్ల.

"చూద్దాంలే" అన్నాను.

ఇంత గొప్ప ట్రూపుకి నాకెందుకు చెయ్యి రాలేదని అడుగుతారా? ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు. ఇద్దరైతే నేను తట్టుకోగలనా లేదా అన్నదే సందేహం. ఎవరైనా మరీ ఎక్కువ అదృష్టాన్ని చూసి భయపడతారు కదా, అలాంటి భయం అనుకోండి. శుక్రవారంలోపు తేల్చుకోవాలి కాబట్టి, ట్రూపు వల్ల మా ఇంటికి ఒనగూడిన లాభాలన్నీ ఒకసారి నెమరేసుకున్నాను. మీరూ వినండి.

మా ఇంట్లో అలారం గడియారం లేదు. ఉదయం అయిదున్నరకి హాల్లో విజిల్ మోగుతుంది. ఒక పొడుగు, రెండు పొట్టి మోగితే నిద్ర లేవాలి. రెండు పొడుగులైతే మంచినీళ్ళు తాగాలి. మూడు పొట్టి విజిళ్ళంటే బాత్రూం ఖాళీ అయిందని అర్థం. ఈ కోడ్ మాకే కాదు, బిల్డింగు మొత్తానికీ ఒంటపట్టింది. మొన్నొకరోజు మూడు పొట్టి విజిళ్ళు వినగానే పై అంతస్తు పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని నిద్రకళ్ళతో మా గుమ్మం దాకా వచ్చేశారు. వచ్చాక తేరుకుని, ఎలాగూ వచ్చాను కదా అని అడిగి మరీ వాడుకుని వెళ్ళారు. ఇరుగుపొరుగుల మధ్య ఇంత సఖ్యత మీ వీధిలో ఉందా?

మా ఆయనది కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేసే ఉద్యోగం. అక్కడ ముందొచ్చినవాళ్ళకి ముందు అనే పాత పద్ధతి పనికిరాదు. ట్రూపులోలాగే ఎత్తు ప్రకారం వరస! పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. అలా నిలబడితే గోడ మీది అక్షరాల బోర్డు అందరికీ చక్కగా కనిపిస్తుందట. కనిపించకే కదండీ వాళ్ళు వచ్చింది! పైగా ముందువాళ్ళు చదివేది వింటూ నిలబడి, తమ వంతు వచ్చేసరికి వెనకవాళ్ళు బోర్డంతా బట్టీ పట్టేస్తారు. ఆ షాపు రికార్డుల ప్రకారం మా పేటలో పొడుగువాళ్ళందరి చూపూ బ్రహ్మాండం. ఆ బ్రహ్మాండమైన చూపుతోనే వాళ్ళు బయటికెళ్ళేటప్పుడు అద్దాల తలుపుకి గుద్దుకుంటారు.

ఇక ప్రయాణాలు. ఫోన్లో మ్యాపు చూసేవాడు మనిషే కాదని మా ఆయన అభిప్రాయం. సూర్యుణ్ణి చూసి, చేతి గడియారంలో చిన్నముల్లు చూసి, మధ్యలో ఒక గీత ఊహించుకుని దిక్కు కనిపెడతారు. ఒకసారి మా మేనత్తని చూడ్డానికి బయల్దేరాం. ఆ రోజు మబ్బు పట్టింది. సూర్యుడు ఎక్కడుండాలో అక్కడున్నట్టే అనుకుని మా ఆయన కారు నడిపారు. మూడు గంటల తర్వాత ఒక సిమెంటు ఫ్యాక్టరీ లోపలికి చేరుకున్నాం. ఏదో ఇన్‌స్పెక్షన్ అనుకుని అక్కడివాళ్ళు మాకు హెల్మెట్లు పెట్టి, ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపించి, టీ ఇచ్చి పంపారు. మా మేనత్త ఏ రోజైనా హెల్మెట్ ఇచ్చిందా? టీ కూడా అడిగితేనే ఇస్తుంది.

ముడుల గురించి చెప్పకపోతే ట్రూపుకి ద్రోహం చేసినట్టే. మా ఆయనకి పద్నాలుగు రకాల ముడులొచ్చు. కిటికీ తెరలకి ముడి, పాత పేపర్లకి ముడి, పప్పు డబ్బాకి ముడి. ప్రాక్టీసు తప్పకూడదని రోజూ పొద్దున్నే ఇంట్లో ఉన్న సంచులన్నిటికీ తలా ఒకటి వేస్తారు. ఒక్క చిన్న ఇబ్బంది ఉంది. ట్రూపులో ముడులు వేయడం ఒక వారం నేర్పారు, విప్పడం మరుసటి వారం. ఆ మరుసటి వారం మా ఆయనకి గవదబిళ్ళలు వచ్చాయి!

దాంతో మా ఇంట్లో గదికో కత్తెర ఉంటుంది. ఒకసారి మా అమ్మ ఊరికి వెళ్తుంటే అల్లుడుగారు ముచ్చటపడి సూట్‌కేసుకి తాడు బిగించారు. ఆవిడ వెళ్ళి మూడు రోజులు కట్టుబట్టలతో గడిపి, నాలుగో రోజు సూట్‌కేసు మోసుకుంటూ మళ్ళీ మా ఇంటికే వచ్చింది. "నాయనా, దీన్ని విప్పు" అంది. మా ఆయన ముడి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి చూసి, "అబ్బ! ఎంత బాగా కుదిరిందో చూశారా అత్తయ్యా!" అన్నారు. ఆ తర్వాత కత్తెర తెమ్మన్నారు. తల్లిని అంత త్వరగా మళ్ళీ చూసుకునే భాగ్యం ఎంతమంది కూతుళ్ళకి ఉంటుంది చెప్పండి?

వీటన్నిటినీ మించింది ఇంకొకటుంది. రోజుకో మంచిపని!

ట్రూపులో చేరిన ప్రతివాళ్ళూ రోజుకొక మంచిపని చేసి నోటు పుస్తకంలో రాసుకోవాలని వాళ్ళ ట్రూపు మాస్టారు నియమం పెట్టారట. మిగతా పిల్లలు స్కూలుతోపాటే దాన్నీ వదిలేశారు. మా ఆయన వదల్లేదు. నీలం అట్ట పుస్తకాలు బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. జ్వరమొచ్చినా సరే, కిటికీలోంచి ఎవరికైనా దారి చెప్పి అయినా ఆ రోజు లెక్క పూర్తి చేస్తారు. మా పెళ్ళినాడు కూడా మానలేదు. పీటల మీద నుంచి లేచి వెళ్ళి, ఎవరిదో స్కూటరు స్టార్ట్ చేసిపెట్టి వచ్చారు. మంచి మనిషి దొరికాడని అప్పుడు నేను మురిసిపోయాను.

మా పక్కింటి పిన్నిగారిని అడిగితే ఆ మంచిపనుల సంగతి కథలు కథలుగా చెబుతుంది. ఆవిడ సరుకులు మూడంతస్తులు మోసేది మా ఆయన. ఆవిడ కిటికీకి గడియ బిగించింది మా ఆయన. ఆవిడ కుళాయి కారుతోందంటే స్పానరు పట్టుకుని పరుగెత్తింది మా ఆయన.

"నీ మొగుడు లక్షల్లో ఒక్కడే తల్లీ! ఎంత పెట్టిపుట్టావో!" అంటుంది ఆవిడ, నేను ఎప్పుడు కనబడినా. అప్పుడు సాధారణంగా నా రెండు చేతుల్లో రెండు సంచులుంటాయి.

మా వంటింటి కుళాయి కూడా రెండేళ్ళుగా కారుతోంది. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"ఏవండీ, పిన్నిగారి కుళాయి బాగుచేశారు కదా, అదే చేత్తో మనదీ ఒకసారి..."

"అది మంచిపని. ఇది బాధ్యత" అన్నారు. "ఇంట్లోవాళ్ళకి చేసింది మంచిపని కిందికి రాదు. మాస్టారు మొదటిరోజే చెప్పారు."

"పోనీ, బాధ్యతే చెయ్యండి."

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "బాధ్యతకి పుస్తకం లేదు కదే!" అన్నారు.

నిజంగానే లేదు. అలాగే నా కళ్ళు మసకబారుతున్నాయని చెప్పి ఆరేళ్ళయింది. "ఆదివారం చూద్దాం" అన్నారు. ఊరందరి కళ్ళూ చూసే మనిషికి మూడొందల ఆదివారాల్లో నా కళ్ళు చూడ్డానికి తీరికలేదు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం నాది. రోజుకి నలభైసార్లు నిచ్చెన ఎక్కి దిగి కుడి మోకాలు అరిగిపోయింది. అది కూడా బాధ్యత కిందే జమ.

సరే, అసలు విషయానికొస్తాను. మంగళవారం సాయంత్రం నేనూ మా అమ్మాయీ బజారు నుంచి వస్తున్నాం. మెట్ల దగ్గర పక్కింటి పిన్నిగారు ఒక చిన్న సంచితో నిలబడి ఉంది. మా పిల్ల పరుగెత్తుకెళ్ళి ఆ సంచి లాక్కుని, "పదండి అమ్మమ్మా, నేను మోస్తాను" అని మెట్లెక్కేసింది. నేను రెండు సంచులతో కింద నిలబడ్డాను.

"ఏమే, ఇక్కడ నేనూ ఉన్నానే" అన్నాను, నవ్వుతూనే.

పిల్ల రెయిలింగు మీంచి కిందికి వంగి, "నువ్వు అమ్మవి కదా! నువ్వు లెక్కలోకి రావు!" అని అరిచింది.

దానికి ఏ పాపమూ తెలియదు. నాన్న చెప్పిందే చెప్పింది. నాకు మాత్రం ఆ మూడంతస్తులూ ఎక్కడానికి చాలాసేపు పట్టింది, మోకాలి వల్ల కాదు.

గురువారం నేను లైబ్రరీకి సెలవు పెట్టి కళ్ళాసుపత్రికి వెళ్ళాను. మా ఆయన షాపుకి కాదు లెండి, ముక్కూ మొహం తెలియనివాళ్ళయితే కళ్ళు చూస్తారని. చుక్కలు వేసి, పరీక్ష చేసి, రాత్రిదాకా వెలుతురు పడకూడదని నల్లద్దాల జోడు తగిలించి పంపారు. అప్పటికే జలుబు చేసి గొంతు ముప్పాతిక వంతు పోయింది, మొహానికి మాస్కు ఉంది. బయటికొస్తే కుండపోత వాన. గొడుగు తీశాను. దానికి ముడి! పద్నాలుగింటిలో ఇది పదకొండో రకం, కత్తెరకి కూడా ఒక పట్టాన లొంగదు. ఇంక గత్యంతరం లేక సంచిలోంచి లైబ్రరీలో ఎవరో మర్చిపోయిన పెద్ద రెయిన్‌కోటు తీసి, టోపీతో సహా వేసుకున్నాను.

బైండింగు చేయించాల్సిన పుస్తకాలతో బరువైన ఆ సంచి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. అంతా మసక. కార్లు కూడా మసకమసకగానే మీదికి వస్తున్నాయి. ఇంతలో వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"రోడ్డు దాటాలా అమ్మా మీరు?"

మా ఆయన! ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను 'మీరు' అనడం అదే మొదలు.

కట్టుకున్న పెళ్ళాన్ని గుర్తుపట్టలేదా అని మీరు ఆశ్చర్యపోతారు. మాస్టారి రెండో నియమం మీకు తెలియదు. మంచిపని చేసేటప్పుడు అవతలివాళ్ళ మొహం చూడకూడదు. చూస్తే థాంక్స్ కోసం కాచుకున్నట్టు లెక్క. మా ఆయన శ్రద్ధగా రోడ్డుకేసి చూస్తూ చెయ్యి చాపారు.

"ఆ సంచి ఇలా ఇవ్వండి. ఇంత బరువు మీరు మొయ్యకూడదు."

నేను 'ఏవండీ, నేనే' అనొచ్చు. గొంతు లేకపోయినా చెయ్యి పట్టుకుని చెప్పొచ్చు. కానీ ఆ ఒక్క మాటతో నేను మంచిపనిలోంచి జారి బాధ్యతలో పడతాను. సంచి తిరిగి నా చేతికొస్తుంది. అందుకని తలూపి ఊరుకున్నాను.

ఆయన విజిల్ తీసి ఊదారు. ఏం ఊదారండీ! బస్సు ఆగింది. వెనక నాలుగు కార్లు ఆగాయి. సైకిలు మీద పోతున్న పోస్ట్‌మ్యాన్ దిగి అటెన్షన్‌లో నిలబడ్డాడు. మొత్తం ట్రాఫిక్ అంతా నా ఒక్కదాని కోసం ఆగింది!

"తొందరేం లేదమ్మా, నింపాదిగా రండి. ఇక్కడ గుంట ఉంది. ఆఁ, ఇప్పుడు కాలు పెట్టండి. నా చెయ్యి పట్టుకోండి, పర్లేదు."

సరిగ్గా అదే చోట మొన్న ఆదివారం "త్వరగా నడువు, నత్తలాగా ఏంటా నడక!" అని నన్ను కసిరారు. ఈ రోజు నా అడుగుకి అడుగు కలిపి నడుస్తున్నారు. నాకు లోపల నవ్వు తన్నుకొస్తోంది, దాని వెనకే ఏడుపు కూడా వస్తోంది. మాస్కు ఉండబట్టి సరిపోయింది.

రోడ్డు మధ్యకి వచ్చాక ఆయన ఉన్నట్టుండి ఆగిపోయారు. సంచి పైకెత్తి, దాని పిడికున్న ముడిని వాననీళ్ళలో తడిమి తడిమి చూశారు.

"అమ్మా, ఈ ముడి ఎవరు వేశారండీ?"

"మా ఆయన" అన్నాను, బొంగురుగా.

"ఎంత బాగా వేశారండీ! ఈ రోజుల్లో ఇలాంటి పనితనం ఎవరికుంది?" ఆయన ముడిని ఆప్యాయంగా నిమిరారు. "అదృష్టవంతులమ్మా మీరు!"

బస్సు డ్రైవరు హారన్ కొట్టకపోతే నేను రోడ్డు మీదే పడి దొర్లి నవ్వేదాన్ని.

అవతల పక్క బస్ షెల్టరులో తడిసిన బెంచీని తన రుమాలుతో తుడిచి నన్ను కూర్చోబెట్టి, సంచి పక్కన పెట్టి, మొహం చూడకుండా సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయారు. పది నిమిషాలాగి, వాన తెరిపిచ్చాక రెయిన్‌కోటూ నల్లద్దాలూ మడిచి సంచిలో కుక్కి, ఇంటికి చేరాను. సంచి మళ్ళీ నేనే మోశాను.

"ఏంటింత ఆలస్యం? టీ పెట్టు" అన్నారు మా ఆయన. మొహం వెలిగిపోతోంది. నీలం అట్ట పుస్తకంలో ఏదో రాసి, హుషారుగా విజిలేసుకుంటూ బాల్కనీలోకి వెళ్ళారు. నేను టీ పెట్టడానికి ముందు పుస్తకం తెరిచి, చేతికందినంత దూరం పెట్టి చదివాను.

'గురువారం. వానలో పరిచయం లేని ఒకావిడని రోడ్డు దాటించాను. సంచి మోశాను. కుడి మోకాలు బాగా నొప్పిగా ఉన్నట్టుంది, ఆగి ఆగి నడుస్తోంది. చూపు కూడా సరిగా లేదు. పాపం, ఆవిడ ఇంట్లో ఎవరూ పట్టించుకోరనుకుంటాను.'

రెండేళ్ళుగా నేను చెబుతున్న మోకాలు! రెండు నిమిషాల్లో మొహమైనా చూడకుండా కనిపెట్టేశారు. ఆ పుస్తకం పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. పక్కన కుళాయి తన పాటికి తను కారుతోంది. నా కళ్ళు కూడా కాసేపు దానికి తోడొచ్చాయి. చుక్కల మందు ప్రభావం అని మీతో అబద్ధం చెప్పను.

తర్వాత బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. లోపం ట్రూపులో ఉందా? లేదు. మా ఆయనలో ఉందా? బంగారంలాంటి మనిషి, ఆయనకి అన్నీ కనిపిస్తాయి. లోపమల్లా నాదే. నేను మరీ ఎక్కువ పరిచయం అయిపోయాను!

వానాకాలం ఇంకా రెండు నెలలుంది. ఆ రెయిన్‌కోటు కోసం లైబ్రరీకి ఇంతవరకు ఎవరూ రాలేదు. మా ఆయన షాపు కట్టేసి ఆ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆరు గంటలవుతుంది. అంతకంటే ఎక్కువ నేనేమీ చెప్పను.

శుక్రవారం ఉదయం పిల్ల బూట్లు వేసుకుంటూ, "అమ్మా, ఇవాళే ఆఖరు!" అని మొహం వేలాడేసింది. పసుప్పచ్చ ఫారం తీసి, నా గడిలో నిక్షేపంగా సంతకం పెట్టాను. దాని కింద 'విద్యార్థితో సంబంధం' అని ఇంకో గడి ఉంది. మీరు కూడా మీ పిల్లల్ని తప్పక చేర్పించండి, కానీ ఆ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. నేను ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో 'పరిచయం లేని ఆవిడ' అని రాశాను.

పిల్ల ఫారం రెండుసార్లు చదువుకుంది. "అమ్మా, ఇది తప్పు కదా?"

"ఎవరమ్మా మీరు?" అన్నాను, లైబ్రరీ సంచి భుజానికి తగిలించుకోబోతూ. "ఈ సంచి కాస్త కిందిదాకా పట్టుకుంటారా? మోకాలు నొప్పి."

పిల్ల ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. చూడకూడదని గుర్తొచ్చినట్టుంది, చటుక్కున తల పక్కకి తిప్పుకుని, సంచి అందుకుంది.